బొట్టు పెట్టిన ఫ్లాపీలు

పుంగనూరులో నెట్ సెంటరు పెట్టిన కొత్తలో అందరూ నన్నొక చాదస్తపు మనిషి కింద లెక్కేసుకున్నారు. హాల్ టికెట్టు ప్రింటు తీసుకుపోదామని వచ్చిన పిల్లను కూడా నేను ఊరికే వదిలేదాన్ని కాదు. నీ ఫైలు రెండో కాపీ యాడుంది, నీ పాస్‌వర్డు ఇంకా ఎవరికి తెలుసు అని నిలబెట్టి అడిగేదాన్ని. మా వైపు ఊరికి పోయేటప్పుడు ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోవడం మామూలు. అదే అలవాటుతో జనం పాస్‌వర్డులు కూడా తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్ళు. మాకు గుర్తుండదు, నీకాడే ఉండనీ అక్కా అని. నాకు ఒళ్ళు మండేది. తాళంచెవి ఇస్తే పుచ్చుకుంటాను, పాస్‌వర్డు మాత్రం మీ ఆయనకైనా చెప్పొద్దు అనేదాన్ని. కొందరు నవ్వేవాళ్ళు, కొందరు ఎదురుగా ఉన్న ఇంకో సెంటరుకు పోయేవాళ్ళు. పోనీ అనుకునేదాన్ని.

కాపీల విషయంలో మాత్రం నన్ను ఎవ్వరూ కదిలించలేకపోయారు. ఒకే పెట్టెలో రెండు కాపీలు పెట్టుకుంటే అవి రెండు కావు, ఒకటే. రెండోది ఇంకో ఇంట్లో ఉండాలి, కుదిరితే ఇంకో ఊళ్ళో ఉండాలి. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. తొంభైల్లో మదనపల్లెలో ఒక ఆయుధపూజ నేర్పింది.

మాది సదుం దగ్గర పల్లె. మా నాయన చెనిక్కాయలు, టమేటాలు పండించేవాడు. ఇంటర్ అయ్యాక టైపు నేర్చుకుంటానని మొండిపట్టు పట్టి మదనపల్లెలో పిన్నమ్మ ఇంటికి చేరాను. నేను టైపు లోయరు పరీక్ష పాసై హయ్యరుకు కడుతున్న రోజుల్లోనే మా టైపు ఇన్‌స్టిట్యూటు ఓనరు సగం మిషన్లు అమ్మేసి ఒక కంప్యూటరు తెచ్చాడు. దానికి ఒక గది కట్టించాడు. కిటికీలకు పరదాలు కట్టించాడు. గుమ్మం ముందే చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి పోవాలి. గుడికి పోయినప్పుడు కూడా మేము అంత శ్రద్ధగా కాళ్ళు తుడుచుకోలేదు.

ఆ గదిలో నన్ను డీటీపీ పనికి పెట్టారు. తెరమీద మొదటిసారి తెలుగు అక్షరం పడిన రోజు నాకు బాగా జ్ఞాపకం. టైపు మిషన్ మీద కొట్టిన అక్షరం కాగితం మీద పడిందంటే పడిందే, తప్పయితే తెల్లరంగు పూయాల్సిందే. ఇక్కడ 'క' కొట్టి, దానికి కొమ్ము తగిలించి, వద్దనుకుంటే కొమ్ము తీసేస్తే, కొమ్ము ఉన్న జాడే లేదు. రబ్బరుతో చెరిపిన మరక కూడా లేదు. నేను పిచ్చిదానిలా ఆ కొమ్మును పెట్టడం, తీయడం, పెట్టడం, తీయడం. ఓనరు వచ్చి కరెంటు కాలిపోతోందమ్మా అనేదాకా అదే పని.

నకలు తీయడం చూసి ఇంకా నోరెళ్ళబెట్టాను. టైపులో కార్బన్ పెట్టి కొడితే అడుగు కాపీ మసకగా, గుడ్డి గుడ్డిగా వచ్చేది. ఫ్లాపీలో నకలు తీస్తే అసలు ఏదో నకలు ఏదో చెప్పడానికి లేదు. అసలు అరగదు, నకలు మాయదు. మా పిన్నమ్మకు చెబితే, ఊరికే చెప్తావులే అని కొట్టిపారేసింది.

ఆ గదికి ఒక మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. క్రైస్తవ మిషనరీ బడిలో చిన్న తరగతులకు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. సన్న అంచు తెల్లచీర, చేతిలో గొడుగు, చంకలో జిప్పు ఉన్న బైబిలు సంచి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గోడ తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. కంటి లోపలి పొర ఎండిపోతోందని, అద్దాలతో అయ్యేది కాదని, వచ్చే ఉగాదికి ఈమాత్రం చూపు కూడా ఉంటుందో ఉండదో అని డాక్టరు చెప్పాడట. ఆ మాట ఆమె చెప్పిన తీరు, బజారులో కూరగాయలు బాగాలేవని చెప్పినట్టు ఉంది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాఠం అయిపోయాక పిల్లలకు సొంతంగా కథలు అల్లి చెప్పేది. ఏనాడూ కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు రాద్దామంటే గీత మీద గీత పడుతోంది. అందుకని తను చెబుతుంటే నేను కొట్టాలి.

"ఇంతకాలం ఇంకొకరు రాసిండే పుస్తకాలే సదివి సెప్పినా పాపా. నా కత అచ్చులో ఎట్లుంటాదో నా కండ్లతో నేను సదువుకోవల్ల. అంతే, ఇంకేం వద్దు" అంది.

మేము పని మొదలుపెట్టింది ఎండలు ముదిరిన కాలంలో. మధ్యాహ్నం బ్యాచీలు లేని వేళ వచ్చేది. కళ్ళు మూసుకుని చెప్పేది. కామా ఎక్కడ పెట్టాలో, చుక్క ఎక్కడ పెట్టాలో కూడా చెప్పేది. లారీ ఎక్కి బెంగుళూరు పోయి, అక్కడి మార్కెట్టు నచ్చక అలిగి, ఎర్రబడనని మొండికేసిన పచ్చి టమేటా కథ ఒకటి. వానచుక్కను జేబులో దాచుకుని ఇంటికి తీసుకుపోవాలనుకున్న పిల్లాడి కథ ఒకటి. నవ్వు ఆపుకోలేక తప్పులు కొట్టేదాన్ని. అప్పుడు ఆమెకు కోపం వచ్చేది. పని చేసేటప్పుడు నవ్వు ఏంది అని గదమాయించేది. పిల్లల్ని నవ్వించడానికే చెప్పిన కథలకు నేను నవ్వకూడదట, చూశారా.

మధ్యలో ఒక్కసారైనా ప్రింటు తీసి చూపిస్తానంటే ఒప్పుకోలేదు. అరకొరగా చూడను, అన్నీ అయ్యాక ఒకేసారి చూస్తాను అనేది. పంతం. వంటింట్లో గిన్నె మూత తీసి రుచి చూడనివ్వని మనిషి తీరు. నేనూ గట్టిగా అడగలేదు.

ఇక్కడ మా ఓనరు పద్ధతి ఒకటి చెప్పాలి. కంప్యూటరుకు వైరస్ పడుతుందని ఆయనకు చచ్చేంత భయం. బయటి ఫ్లాపీ ఏది వచ్చినా ముందు చెకింగు సాఫ్ట్‌వేరుతో చూడాల్సిందే. అది కూడా చాలదని, అప్పుడప్పుడూ తలంటు పోసినట్టు హార్డు డిస్కులో ఉన్నదంతా తుడిచిపెట్టి ఫార్మాట్ కొట్టేసేవాడు. అందుకని గిరాకీల పని ఏదీ కంప్యూటరులో ఉంచడానికి లేదు, ఫ్లాపీల్లోనే ఉండాలి. టీచరమ్మ కథలు నీలం ఫ్లాపీలో అసలు, నల్ల ఫ్లాపీలో నకలు. రెండూ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో ఉండేవి. ఆ రోజుల్లో అంతకంటే భద్రమైన ఏర్పాటు ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు.

దసరాకు ముందు కథలన్నీ పూర్తయ్యాయి. పండగ కాగానే చిత్తూరులో లేజరు ప్రింటు తీయించాలని అనుకున్నాం. టీచరమ్మ ఆ రోజు మాకందరికీ కేకు తెచ్చింది.

ఆయుధపూజ మా ఇన్‌స్టిట్యూటులో పెద్ద పండగ. ఓనరు వాళ్ళమ్మ, మేమంతా అవ్వా అని పిలిచేవాళ్ళం, ఆ రోజు పూజ ఆమె చేతిమీదుగానే జరగాలి. టైపు మిషన్లు ఒక్కొక్కటీ తుడిచి, విభూతి పట్టెలు పెట్టి, గంధం, కుంకుమ బొట్లు పెట్టేది. పాపం, ఆమెకు మిషన్ అంటే మనిషే. ఒక మిషనుకు బొట్టు పెట్టి పక్కదాన్ని మరిచిపోతే, అది అలుగుతుందని వెనక్కి వచ్చి మరీ పెట్టేది. ఆ ఏడాది కంప్యూటరు తెరకు, పెట్టెకు, కీబోర్డుకు, మౌసుకు బొట్లు పడ్డాయి. తరువాత ఫ్లాపీల డబ్బా తీసింది. వీటిలోనే కదరా పని అంతా ఉండేది, మరి వీటికి ఉసురు ఎక్కడుందని కొడుకును అడిగింది. ఆయన గర్వంగా ఒక ఫ్లాపీ తీసి, దాని ఇనుప రేకు పక్కకు జరిపి, లోపలి బిళ్ళను చూపించాడు. ఇదిగో, అక్షరాలు ఉండేది దీనిమీదే అన్నాడు. చెప్పి, గుమ్మడికాయ కొట్టడానికి బయటికి వచ్చేశాడు. నేను గుమ్మం దగ్గర బొరుగులు, గుగ్గిళ్ళు పొట్లాలు కడుతున్నాను.

లోపల అవ్వ ఒక్కొక్క ఫ్లాపీ రేకు జరిపి, ఆ బిళ్ళమీద తడి గంధం పెట్టి, దానిమీద కుంకుమ అద్ది, మళ్ళీ రేకు మూసి పెట్టింది. ఒక్కదాన్ని కూడా మరిచిపోలేదు.

ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు కాబట్టి ఎవరూ తీయలేదు. మరుసటి రోజు విజయదశమి, మంచి రోజని టీచరమ్మ పనితో మొదలుపెడదామని నీలం ఫ్లాపీ డ్రైవులో పెట్టాను. గర్రుమని ఒక చప్పుడు. అట్లాంటి చప్పుడు అంతకుముందు వినలేదు. తెరమీద, దీన్ని చదవడం నావల్ల కాదని ఇంగ్లీషులో వచ్చింది. బయటికి తీసి రేకు జరిపి చూస్తే లోపల బిళ్ళంతా ఎర్రటి చార. నల్లది డ్రైవులో పెట్టలేదు. దాని రేకు జరిపి చూశాను. అందులోనూ చక్కగా గుండ్రంగా బొట్టు.

రెండు ఫ్లాపీలూ పట్టుకుని ఓనరు దగ్గరికి పోయాను. నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన నెమ్మదస్తుడు, అంతా విని, కొత్త ఫ్లాపీ తీసుకుని మళ్ళీ కొట్టు, ఆమె మళ్ళీ చెబుతుంది కదా అన్నాడు. ఆ మాటకు ఇంకా మండింది. ఎండాకాలం నుంచి దసరా దాకా పట్టిన పని అది. మళ్ళీ మొదలుపెడితే అయ్యేది ఎప్పటికి, అప్పటికి ఆమె కళ్ళు ఉండేది ఎక్కడ. మూల స్టూలు మీద కూర్చుని అవ్వ అంతా వింటూనే ఉంది. ఆమె ముఖం చూశాక నా నోరు మూతపడింది.

టీచరమ్మకు చెప్పడానికి ఆమె ఇంటికి పోయాం. అవ్వ కూడా వస్తానని పట్టుబట్టి వచ్చింది. జరిగింది నేనే చెప్పాను. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, నీ సదువు నేను సేతులారా సెడగొట్టినా తల్లీ అంది. టీచరమ్మ తడుముకుని ఆమె చేయి పట్టుకుంది. నా కథలకు బొట్టు పెట్టినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరక్కా అంది. అని, నావైపు తిరిగి, దీనికి మందు యాడన్నా ఉందేమో చూడు పాపా అంది.

మదనపల్లెలో రిపేరు చేసే మనిషి చూసి పారెయ్యమన్నాడు. పుంగనూరులో ఒక కంప్యూటరు ఇన్‌స్టిట్యూటులో పాడైన ఫ్లాపీలను బాగుచేసే సాఫ్ట్‌వేరు ఉందని తెలిసి అక్కడికి పోయాను. అక్కడి మాస్టరు నల్ల ఫ్లాపీని చూసి, డ్రైవులో పెట్టకుండా మంచిపని చేశావు, తిప్పి ఉంటే ఇది కూడా గీసుకుపోయి ఉండేది అన్నాడు. తనవల్ల కాదనీ, కుప్పంలో కాలేజీ లెక్చరరు ఒకాయన ఇలాంటివి పట్టు వదలకుండా చేస్తాడనీ చెప్పి, ఆయన ఇంటి గుర్తులు ఇచ్చాడు.

కుప్పానికి నాతో టీచరమ్మ కూడా బయలుదేరింది. కళ్ళు కనపడని మనిషివి బస్సుల్లో ఎందుకు అంటే వినలేదు. ఫ్లాపీలను బైబిలు సంచిలో పెట్టి జిప్పు వేసి ఒళ్ళో పెట్టుకుంది. అయస్కాంతం తగిలితే అక్షరాలు చెరిగిపోతాయని నేను ఎప్పుడో చెప్పిన మాట పట్టుకుని, బస్సులో టేపు రికార్డరు స్పీకరుకు దూరంగా కూర్చోవాలని పట్టుబట్టింది. పుంగనూరు, పలమనేరు దాటి వి.కోటలో బస్సు మారేటప్పుడు సంచిని నా చేతికి కూడా ఇవ్వలేదు. దారి పొడుగునా తమిళం, కన్నడం, తెలుగు కలగాపులగంగా వినపడుతుంటే ఎవరి మాట ఏ భాషో నాకు చెబుతూ కూర్చుంది. భయపడుతోందని నాకు తెలుసు.

లెక్చరరు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. తమిళం కలిసిన తెలుగు. ఫ్లాపీ తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి, ఏమీ నవ్వకుండా, కడుగుదాం అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కడగడం ఏమిటి? గదిలోకి చెప్పులు వేసుకుని రానివ్వని వస్తువును నీళ్ళలో ముంచుతారా? టీచరమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆయన నా ముఖం చూసి, ముందు పనికిరాని ఫ్లాపీ ఒకటి తీసి చేసి చూపించాడు. బ్లేడుతో ప్లాస్టిక్ డొప్ప విప్పాడు. లోపల పల్చటి గోధుమరంగు బిళ్ళ. దాన్ని గిన్నెలో ముంచి, తీసి ఆరబెట్టి, ఇంకో డొప్పలో పెట్టి డ్రైవులో వేశాడు. అందులోని ఫైళ్ళు తెరమీదికి వచ్చాయి.

"బయపడొద్దమ్మా. ఆ ఎళుత్తు, అక్షరం, సిరా తోటి రాసింది కాదు. నీళ్ళకి పోదు" అన్నాడు.

ఇక అసలు పని. లారీల బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరు సీసా తెచ్చాడు. పింగాణీ గిన్నెలో పోశాడు. నల్ల ఫ్లాపీ డొప్ప విప్పి, బిళ్ళను అంచు పట్టుకుని దించాడు. గంధం నానింది. కుంకుమ నీళ్ళలో సన్నగా దారం మాదిరి వదులుకుంటూ కిందికి దిగింది. ఎర్రనీళ్ళు పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు. వేలితో రుద్దలేదు, నీటిలో ఊరికే ఊపుతూ ఉన్నాడు. నేను గిన్నెలోకి తొంగి చూస్తూ, కళ్ళు ఆర్పకుండా నిలబడ్డాను. ఎండాకాలం నుంచి నేను కొట్టిన అక్షరాలన్నీ ఆ బిళ్ళమీద ఉన్నాయి. ఒక్కటీ కనపడటం లేదు. నీళ్ళలో ఉన్నాయి, అయినా తడవటం లేదు. పలకమీద రాసింది నీళ్ళు చల్లితే పోతుంది, కాగితం మీద రాసింది వానకు పోతుంది. ఇది ఎక్కడ రాసిన రాత? ఏం జరుగుతోందో టీచరమ్మకు పక్కనుంచి చెబుతున్నాను, నా గొంతు నాకే గుసగుసగా వినపడుతోంది.

ఆరాక కొత్త డొప్పలో పెట్టి డ్రైవులో వేశాడు. ఒక సాఫ్ట్‌వేరు తెరిచాడు. తెరమీద చిన్న చిన్న గళ్ళు. ఫ్లాపీని ముక్క ముక్కగా చదువుతూ, చదవగలిగిన ముక్కకు ఒక గడి పచ్చగా, చదవలేనిదానికి ఎర్రగా. మామూలు కంప్యూటరు రెండు మూడుసార్లు చూసి నావల్ల కాదని చేతులెత్తేస్తుంది. ఇది అట్లా కాదు. ఎర్రగడి దగ్గరికి మళ్ళీ పోతుంది, మళ్ళీ అడుగుతుంది, ఇటునుంచి అడుగుతుంది, అటునుంచి అడుగుతుంది. నాకంత ఓపిక ఉండి ఉంటే మా అమ్మ నన్ను అన్ని తిట్లు తిట్టేది కాదు. ఒక ఎర్రగడి చూస్తుండగానే పచ్చబడింది. టీచరమ్మా, పచ్చబడింది అన్నాను. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. లెక్చరరు భార్య అన్నం తినమని పిలిస్తే ఎవరూ కదల్లేదు.

మిగిలిన కొన్ని ఎర్రగళ్ళ కోసం నీలం ఫ్లాపీని కూడా కడిగాడు. అది బాగా గీసుకుపోయింది. అయినా ఇందులో పోయిన ముక్క అందులో బతికి ఉంది. రెండింటినీ కలిపి అతికాడు. ఆఖరుకు ఫైలు తెరిచాడు.

తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు, గీతలు. అర్థం పర్థం లేని చెత్త. టీచరమ్మకు చెప్పడానికి నోరు రాలేదు, నేను చెప్పకపోవడం చూసి ఆమెకే తెలిసిపోయింది. తల దించుకుని బైబిలు సంచిమీద చేతులు పెట్టుకుంది. లెక్చరరు మాత్రం తాపీగా, మా కంప్యూటరులో తెలుగు లేదు కదా, మీ ఫాంటు తెచ్చినారా అని అడిగాడు. మేము బయలుదేరేటప్పుడే ఓనరు మా కంప్యూటరులోని ఫాంటును ఒక కొత్త ఫ్లాపీలోకి ఎక్కించి ఇచ్చి పంపాడు. లెక్చరరు దాన్ని వేసి, ఎక్కించి, మొత్తం ఫైలును పట్టి ఫాంటు మార్చాడు.

ఆ చెత్తంతా ఒక్కసారిగా తెలుగైపోయింది. పై నుంచి కింది దాకా, ఒక్క క్షణంలో. పచ్చి టమేటా లారీ ఎక్కి కూర్చుని ఉంది. వానచుక్క పిల్లాడి జేబులో ఉంది. నేను గట్టిగా చదవడం మొదలుపెట్టాను, ఏడుస్తూ చదివాను, సిగ్గు కూడా వేయలేదు. తరువాత చాలా కంప్యూటర్లు చూశాను, ఫోన్లు చూశాను, ప్రపంచంలో ఎక్కడెక్కడి మనుషులో తెరమీద కనపడి మాట్లాడటం చూశాను. అంతటి ఆశ్చర్యం మళ్ళీ నాకు కలగలేదు. లెక్చరరు ఫైలును కొత్త ఫ్లాపీల్లోకి ఎక్కించి, ఒకటి మాకిచ్చి, ఒకటి తన బీరువాలో పెట్టుకున్నాడు. ఇంకో ఊళ్ళో ఒకటి ఉండనీ అన్నాడు.

చిత్తూరు నుంచి లేజరు ప్రింటు రావడానికి క్రిస్మస్ దగ్గరపడింది. నల్లగా, నిగనిగలాడుతూ, తప్పులేని అచ్చు. తీసుకుపోయి టీచరమ్మ చేతిలో పెట్టాను. ఆమె అద్దాలు తుడుచుకుంది. కాగితాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుంది, పక్కకు పట్టుకుంది, కిటికీ దగ్గరికి పోయింది. భూతద్దం తెచ్చుకుంది. ఎంతసేపటికీ పేజీ తిప్పలేదు. బూడిదరంగు గీతలు తప్ప ఏమీ కనపడటం లేదని చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. కాగితాలను సర్ది, వాటిమీద చేయి వేసి, వాసన బాగుంది పాపా అంది.

బడి పిల్లలకు పంచడానికి పుస్తకం వేద్దామని చర్చి వాళ్ళు ముందుకు వచ్చారు. దానికి చిన్న చిన్న సవరణలు ఉండి, టీచరమ్మ మళ్ళీ మా గదికి రావడం మొదలుపెట్టింది. ఒక రోజు ఒత్తు ఒకటి అక్షరానికి ఎడంగా పడిందని, దాన్ని సరిచేయడానికి తెరమీద పేజీని బాగా పెద్దది చేశాను. మేము ఎప్పుడూ చేసే పనే. రెండు మూడు మాటలే తెరనిండా పట్టాయి. పక్క కుర్చీలో ఉన్న టీచరమ్మ ఉన్నట్టుండి ముందుకు వంగింది.

"అది 'మ' గదా?" అంది.

ఇంకా పెద్దది చేశాను. ఒక్క మాట, తెరనిండా. ఆమె ముఖం తెరకు ఆనుకునేంత దగ్గరగా పెట్టి, ఓరకంటితో, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. టమేటా. తన కథలో తను చెప్పిన మాట, తన కళ్ళతో తను చదివింది. చదివి, కుర్చీలో వెనక్కి వాలి, దేవునికి స్తోత్రం అని, మళ్ళీ వెంటనే ముందుకు వంగి, జరుపు, తరువాతి మాట జరుపు అంది. కాగితం మీద అక్షరం ఎంత అచ్చయితే అంతే. తెరమీద అది మనిషి కంటికి తగ్గట్టు పెరుగుతుంది. ఆ రోజుకు ముందు నేను అదే పని ఎన్నిసార్లు చేశానో, అది ఇంత పెద్ద సంగతని ఒక్కసారీ తోచలేదు.

అప్పటి నుంచి రోజూ వచ్చింది. నేను ఒక్కో మాటా జరుపుతూ ఉండేదాన్ని, ఆమె చదివేది. ఓనరు ఆ వేళ గదిలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. అవ్వ వచ్చి స్టూలు మీద కూర్చుని, చదువు రాని మనిషి, తను కూడా తెరవైపు చూస్తూ ఉండేది. కథలు ఒక్కొక్కటే అయిపోతూ వచ్చాయి. నాకు తెలుస్తూనే ఉంది, మొదట ఒక మాట పట్టే తెరకు తరువాత సగం మాట, తరువాత రెండు అక్షరాలు. మామిడి పూత వచ్చేసరికి ఒక్కో అక్షరం.

ఆఖరి కథ మిగిలింది. హెడ్మాస్టరు కుర్చీలో గుడ్డు పెట్టే కోడి కథ. మొదటి అక్షరం తెరమీద పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. పెద్దది చెయ్యి అంది. చేశాను. ఇంకా అంది. చేశాను. ఆ అక్షరం అంచులు తెర బయటికి పోయాయి, మధ్యలో నల్లటి వంపు ఒక్కటే మిగిలింది.

"ఇంకా పెద్దది కాదా పాపా?"

"ఇంతకన్నా కాదు టీచరమ్మా."

ఆమె చేయి చాచి, అరచేతిని తెర అద్దం మీద పెట్టింది. అద్దం వెచ్చగా ఉంటుంది. కాసేపు అట్లాగే ఉంచింది. తరువాత చేయి తీసి ఒళ్ళో పెట్టుకుని, కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చుంది, తరగతిలో కూర్చున్నట్టు.

"సరే. నువ్వు సదువు. నేను ఇంటాను."

అక్షరాలను మామూలు సైజుకు తెచ్చి చదవడం మొదలుపెట్టాను. ఎక్కడ గొంతు తడబడుతుందో అని గబగబా చదివాను. కోడి గది గదీ తిరిగింది, తనకు సరైన చోటు దొరకక బెంగపడింది. హెడ్మాస్టరు లేని వేళ చూసి కుర్చీ ఎక్కింది. దిగి పోయింది. గంట కొట్టారు. హెడ్మాస్టరు వచ్చి కూర్చున్నాడు, కూర్చుని...

"ఆగు" అంది టీచరమ్మ. చేయి ఎత్తింది. "అట్ల ఉరకొద్దు పాపా. కూర్చున్నాడు అని నిలుపు. పిల్లకాయలు నవ్వేదానికి సందియ్యల్ల."

మళ్ళీ చదివాను. హెడ్మాస్టరు వచ్చి కూర్చున్నాడు. ఆపాను. ఆ ఖాళీలో స్టూలు మీది అవ్వ కిసుక్కుమంది. నేనూ ఆపుకోలేకపోయాను. టీచరమ్మ ఈసారి నన్ను గదమాయించలేదు. మేము నవ్వడం అయ్యేదాకా చేయి దించకుండా అట్లాగే ఉండి, మేము ఆగాక, ఊ, ఇప్పుడు చదువు అంది.